హెరెటిక్స్ గెలవాలని అరిచిన ఆదివారము

2024 ఆగస్టు 25వ తేదీ, ఆదివారము. ఉదయకాల ఆరాధన ముగించుకొని, మంచము పట్టిన ఇద్దరు వృద్ధులను ఇండ్లవద్ద దర్శించి నేను ఇల్లు చేరేసరికి మధ్యాహ్నము మూడు కావస్తోంది. చెప్పులు విడుస్తుండగానే లోపలి గదిలోనుండి మా పెద్దవాడి కేక వినబడింది.

"హెరెటిక్స్ గెలవాలి! ఈసారైనా హెరెటిక్స్ గెలవాలి!"

నేను గుమ్మములోనే నిలిచిపోయాను. వేదాంత కళాశాలలో డిప్లొమా చదివిన రోజుల్లో సంఘచరిత్ర పరీక్ష కొరకు కష్టపడి బట్టీ పట్టిన మాట అది. హెరెటిక్స్ అంటే దుర్బోధకులు. 325లో నైసియా సభ అరియసును ఖండించింది మొదలుకొని ఆ జాబితా చాలా పొడవు. వారెవరూ గెలవాలని నా ఇంట్లో, అందులోనూ ఆదివారము నాడు, ఒకడు కేకలు పెడతాడని నేను కలలోనైనా అనుకోలేదు.

లోపలికి వెళ్ళి చూస్తే వాడు ఫోను ముందు కూర్చుని ఉన్నాడు. తెర నిండా తుపాకులు, పొగ, పరుగులు. నేను ఏమీ అడగలేదు. ఫోను లాక్కొని ఆపివేశాను. "నాన్నా, చివరి మ్యాపు..." అన్నాడు వాడు, అంతే. తలుపు దగ్గర నా భార్య అన్నము గిన్నె పట్టుకొని నిలబడి చూస్తూ ఉంది.

హెరెటిక్స్ అంటే స్పెయిను దేశపు ఒక జట్టు పేరని నాకు తెలియడానికి ఏడాదికి పైగా పట్టింది. టీమ్ హెరెటిక్స్ అని వాళ్ళు పెట్టుకొన్న పేరు. దక్షిణ కొరియాలో సియోలు దగ్గర ఇంచియోనులో ఆ రోజు వాళ్ళు 'వాలరెంట్ ఛాంపియన్స్' ఫైనలు ఆడుతున్నారు. కంప్యూటరు మీద అయిదుగురు అయిదుగురు కలిసి ఆడే తుపాకుల ఆటకు ఏటేటా జరిగే ప్రపంచస్థాయి పోటీ అది. అదే ఏడాది షాంఘైలో జరిగిన పెద్ద పోటీ ఫైనలులో వాళ్ళు కొరియా జట్టు చేతిలో 3-2తో ఓడిపోయారట. 'ఈసారైనా' అన్న మాటకు అర్థము అది. ఆ రోజు కూడ 3-2తోనే ఓడిపోయారు, చైనా జట్టు ఎడ్వర్డ్ గేమింగ్ చేతిలో. మా వాడు మాత్రము చివరి మ్యాపు చూడలేదు.

ఇంతటితో పోయి ఉంటే బాగుండేది. మరుసటి ఆదివారము నేను చేసిన పనిని ఇప్పుడు వ్రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ రోజుల్లో మా సంఘములోని ఒక కుటుంబము పెద్ద నష్టములో పడింది. పత్తి అమ్మిన డబ్బు, చేతికి వచ్చిన కొద్దిరోజులకే, కొడుకు ఫోనులో పేకాట ఆడి పోగొట్టాడు. తల్లి వచ్చి మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు నా చెవుల్లో ఉండగానే నేను ప్రసంగవేదిక ఎక్కాను. ఫోనులో ఆట ఏదైనా జూదమేనని, దానికి తుపాకులు తోడైతే ఇక చెప్పనక్కర లేదని, సేవకుల ఇండ్లలోని యౌవనస్థులు కూడ దీనికి మినహాయింపు కాదని అన్నాను. పేరు చెప్పలేదు. మా ఊళ్ళో పేరు చెప్పవలసిన పని ఏముంది? అందరి తలలు ఒక్కసారిగా డోలక్ ముందు కూర్చున్న మా వాడి వైపు తిరిగాయి.

పదేళ్ళ వయసునుండి ఆ డోలక్ వాడిదే. ఆరాధన చివర పాటకు వాడి చేతులు కదలలేదు. తాళము లేకుండానే సంఘస్థులు పాడి ముగించారు. తరువాత అడిగితే చెయ్యి నొప్పి అన్నాడు. ఆ నొప్పి ఏడాది గడిచినా తగ్గలేదు. డోలక్ మందిరపు గోడ మేకుకే వేలాడింది.

వాడు అప్పుడే ఇంజినీరింగులో చేరాడు. హాస్టలునుండి ఇంటికి వచ్చినప్పుడు నేను అడిగేవి నాలుగు ప్రశ్నలు: భోజనము బాగుందా, పరీక్షలెప్పుడు, డబ్బులున్నాయా, అక్కడ ఆరాధనకు వెళ్తున్నావా. వాడు చెప్పే జవాబులు కూడ నాలుగే. మొదటి సంవత్సరము ఫలితాలలో మూడు సబ్జెక్టులు తప్పాడు. నేను అనుకొన్నట్లే అయిందని లోలోపల అనుకొన్నాను. సంతోషమని అనలేను గాని, నా మాట నెగ్గిందన్న తృప్తి లాంటిది ఒకటి కలిగిందని దాచకుండా చెప్పాలి.

"మీరు వాడితో మాట్లాడి ఎన్నాళ్ళయిందండీ?" అని అడిగింది నా భార్య ఒక రాత్రి.

"వచ్చినప్పుడల్లా మాట్లాడుతూనే ఉన్నాను గదా?"

"అది మాట్లాడటము కాదు, విచారణ" అని అటు తిరిగి పడుకొంది.

2025 అక్టోబరులో దసరా సెలవులకు వాడు ఇంటికి వచ్చాడు. 5వ తేదీ ఆదివారము సాయంత్రము పేటలో గృహకూడిక ఉంది. చినుకులు పడుతున్నందున జనము పలుచగా వచ్చారు, త్వరగా ముగించి గొడుగు వేసుకొని ఇల్లు చేరాను. మా వాడు వసారాలో చాప మీద కూర్చుని, ఇత్తడి చెంబుకు ఫోను ఆనించి చూస్తున్నాడు. నా అడుగుల చప్పుడు వినగానే వాడి చెయ్యి గబుక్కున ఫోను మీదికి పోయింది.

ప్రియ పాఠకులారా, ఆ చెయ్యి పోయిన వేగము నాకు గుచ్చుకొంది. నన్ను చూసి దేనినైనా దాచవలసి వస్తుందని నా కొడుకు ఎంత బాగా నేర్చుకొన్నాడు!

"ఆపకు" అన్నాను. గొడుగు మూలన పెట్టి, తడిసిన కండువా దండెము మీద వేసి, వచ్చి చాప మీద కూర్చున్నాను. వాడు నన్ను అనుమానముగా చూశాడు.

"ఎవరు ఆడుతున్నారు?"

"ఫనాటిక్, ఎన్‌ఆర్‌జి."

ఫనాటిక్ అంటే ఇంగ్లీషులో మతోన్మాది అనే మాటను కొంచెము విరిచి పెట్టుకొన్న పేరు. నిరుడు దుర్బోధకులు, ఈ యేడు మతోన్మాదులు. ఈ ఆటలోవారికి వేరే పేర్లే దొరకవా అన్నాను. వాడికి నవ్వు వచ్చింది. అంతకు ముందు 2023లో కప్పు గెలిచిన అమెరికా జట్టు పేరు ఈవిల్ జీనియసెస్ అనీ, అంటే దుష్ట మేధావులనీ వాడే చెప్పాడు. ఇద్దరమూ నవ్వాము.

ఆట జరుగుతున్నది ఫ్రాన్సులో, పారిస్ నగరములోని అకోర్ అరీనాలో. వేదిక మీద అటు అయిదుగురు, ఇటు అయిదుగురు చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకొని కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. చుట్టూ జనము. నాకు మొదట ఏమీ అర్థము కాలేదు. వాడు వాలీబాల్ పోల్చి చెప్పాడు. మ్యాపు అంటే వాలీబాల్‌లో ఒక సెట్టు లాంటిది, ఫైనలులో అయిదింటిలో మూడు గెలవాలి. ఒక్కో మ్యాపులో ఎన్నో చిన్న రౌండ్లు, ముందుగా 13 గెలిచినవారిది మ్యాపు. 12 రౌండ్లు కాగానే వాలీబాల్‌లో కోర్టు మారినట్లు ఇటువారు అటు, అటువారు ఇటు. ఒక జట్టు స్పైక్ అనే బాంబును లోపలికి తీసుకొని వెళ్ళి పెట్టాలి, రెండవ జట్టు అడ్డుకోవాలి. పెట్టిన తరువాత 45 సెకన్లలో అది పేలుతుంది. దానిని ఆర్పివేయడానికి 7 సెకన్లు కదలకుండా కూర్చోవాలి, ఎవడు వచ్చి కాలుస్తాడో తెలియదు. ఆ 7 సెకన్లు మా వాడు ఊపిరి బిగబట్టడము చూశాను. కొంతసేపటికి నేను కూడ బిగబట్టాను.

"చచ్చిపోయినవాడు ఇప్పుడు ఏమి చేస్తాడు? బయటికి వెళ్ళిపోతాడా?" అని అడిగాను.

"వెళ్ళడు నాన్నా. ఆ రౌండు అయ్యేదాకా కూర్చుని మిగిలినవాళ్ళను చూస్తుంటాడు. తనను ఎవడు, ఎక్కడినుండి కొట్టాడో బతికున్నవాళ్ళకు చెప్తాడు. అది చెప్పకపోతే జట్టు ఓడిపోతుంది."

మధ్యలో సేజ్ అనే పాత్ర చచ్చిన తోటివాణ్ని లేపగలదని కూడ చెప్పాడు. నేను నొసలు చిట్లించేలోపే, "ఊరికే కాదు నాన్నా, దానికి చాలా పాయింట్లు కూడబెట్టాలి" అన్నాడు. ఆ వివరణతో నా నొసలు ఏమంత సాపు కాలేదు.

నాకు ఎక్కువ నచ్చినది డబ్బు లెక్క. నిజమైన డబ్బు కాదు, ఆటలోనే ఇచ్చి ఆటలోనే ఖర్చు పెట్టించేది. ప్రతి రౌండుకు ముందు ఆ డబ్బుతో తుపాకులు కొనుక్కోవాలి. గెలిచినవాడికి 3000 ఇస్తారు. ఓడినవాడికి 1900. వరుసగా రెండవసారి ఓడితే 2400, మూడవసారి ఓడితే 2900. అంటే ఓడేకొద్దీ పెంచి ఇస్తారన్నమాట, తిరిగి నిలబడటానికి. వరుసగా మూడేళ్ళు పంట పోయినవాడికి పెంచి ఇచ్చే బ్యాంకును మా పత్తి రైతులు ఇంకా చూడలేదు. ఒక్కోసారి జట్టంతా ఆ రౌండులో ఏమీ కొనకుండా, ఓడిపోతామని తెలిసీ చిన్న పిస్తోళ్ళతోనే ఆడి, డబ్బు మిగుల్చుకొని తరువాతి రౌండుకు సిద్ధపడతారు. అందరూ కలిసి మిగల్చాలి. ఒకడు తొందరపడి కొంటే మిగిలిన నలుగురి పొదుపూ వృథా.

మధ్యలో ఆట ఆగింది. కోచ్ వచ్చి అయిదుగురి వెనుక నిలబడి మాట్లాడుతున్నాడు. ఒక్కో మ్యాపులో కొద్దిసార్లు మాత్రమే, అదీ ఒక్క నిమిషమే అలా ఆపి మాట్లాడనిస్తారట. మిగిలిన వేళ కోచ్ చూస్తూ ఊరకుండవలసినదే. 2023లో గెలిచిన ఆ దుష్ట మేధావుల కోచ్ క్రిస్టీన్ చీ అనే స్త్రీ అనీ, ఈ కప్పు గెలిపించిన మొదటి స్త్రీ ఆమేననీ చెప్పాడు. ఇంత తెలిసిన నా కొడుకు నాకు ఒక్క ముక్క చెప్పలేదంటే, నేను ఎన్ని నిమిషాలు అడిగి ఉంటాను?

అప్పుడు నా మనసులో ఉన్న అసలు ప్రశ్న బయటికి వచ్చింది. "నువ్వు చదువు మానేసి దీనిలోకి వెళ్దామనుకొంటున్నావా?"

వాడు ఫోనునుండి కళ్ళు తిప్పలేదు. "నాన్నా, ఛాంపియన్స్‌కు వచ్చేవి 16 జట్లు. అయిదుగురు చొప్పున 80 మంది. ప్రపంచమంతటిలో. 2021లో బెర్లిన్‌లో మొదలైన దగ్గరనుండి మన దేశపు జట్టు ఒక్కటి కూడ అక్కడిదాకా వెళ్ళలేదు. గ్లోబల్ ఈస్పోర్ట్స్ అని మన జట్టు ఒకటి 2023నుండి ఆసియా లీగులో ఉంది, అదీ వెళ్ళలేదు. 2022లో ఇస్తాంబుల్ ఫైనలు ఆడిన పూజన్ మెహతా పేరు మనదే గాని, ఆయన కెనడావాడు. నేను అంత వెర్రివాణ్ని కాను."

ఇదంతా వాడు ముందే లెక్క వేసుకొని ఉన్నాడు. గెలిచినవారికి పది లక్షల డాలర్లు, మన డబ్బులో ఎనిమిది కోట్లు పైనే. అలా గెలిచిన ఈవిల్ జీనియసెస్ జట్టు కొద్దినెలలకే చెదిరిపోయింది, మరుసటి ఏడాది ఛాంపియన్స్‌కు అర్హత కూడ సంపాదించలేకపోయింది. అందులో ఆడిన ఈథన్ ఆర్నాల్డ్ ఇప్పుడు ఎన్‌ఆర్‌జిలో ఉన్నాడని తెర మీద వేలు పెట్టి చూపించాడు. నేను ప్రసంగములో చెప్పదలచిన హెచ్చరికలన్నీ వాడి దగ్గర అంకెలతో సహా ఉన్నాయి.

"మరి ఆ పేకాట?" అన్నాను.

"దానికీ దీనికీ పోలికేమిటి నాన్నా? అది డబ్బు పెట్టి ఆడేది. మొన్న ఆగస్టులో పార్లమెంటులో చట్టము కూడ చేశారు గదా. డబ్బు పెట్టే ఆటలు నిషేధము, ఈస్పోర్ట్స్ వేరు అని." ఒక్క క్షణము ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఆ రోజు నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ని."

నాకు జవాబు రాలేదు. వాన పెద్దదయింది. నా భార్య వచ్చి మా ఇద్దరి మధ్య వేరుశనగకాయల పళ్ళెము పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు మ్యాపులు అయ్యేసరికి చెరి రెండు. అయిదవది మిగిలింది. ఫనాటిక్ నాయకుడు జేక్ హౌలెట్ అనే ఇంగ్లండు వాడు. ఆటలో పేరు బోస్టర్, అంటే గొప్పలు చెప్పుకొనేవాడు. పేరుకే గాని మంచివాడన్నాడు మా వాడు. ముప్పై ఏళ్ళ వయసు, ఈ ఆటలో అది ముసలితనమట! నేను నా నెరిసిన గడ్డము తడుముకొన్నాను. 2023లో ఆయన జట్టు రెండు పెద్ద పోటీలు గెలిచింది గాని, ఛాంపియన్స్ కప్పు మాత్రము ఎన్నడూ చేతికి రాలేదు. 2025 జూనులో టొరంటో ఫైనలులో పేపర్ రెక్స్ చేతిలో ఓడిపోయారు. జూలైలో రియాద్ ఫైనలులో ఓడిపోయారు, అదీ ఎవరి చేతిలో? ఆ హెరెటిక్స్ చేతిలోనే. ఇది మూడవ ఫైనలు.

మూడవదీ పోయింది. 3-2తో ఎన్‌ఆర్‌జి గెలిచింది. ఈథన్ రెండుసార్లు ఈ కప్పు ఎత్తిన మొదటి ఆటగాడయ్యాడు. తెర మీద రంగు కాగితాలు రాలుతున్నాయి. మా వాడు కండ్లు తుడుచుకొన్నాడు. ఎక్కడో పారిస్‌లో ఎవరో ఓడిపోతే ఇక్కడ వీడు ఏడ్వడమేమిటని నిరుడైతే గద్దించి ఉండేవాణ్ని. క్రికెట్టులో మన జట్టు ఓడిన రాత్రి అన్నము మానేసిన మా నాన్నగారు గుర్తుకు వచ్చారు.

"నిరుడు ఆ చివరి మ్యాపు చూడనివ్వలేదు నిన్ను" అన్నాను. "తరువాతి ఆదివారము చేసినది అంతకంటే తప్పు. అందరి ముందు అన్నాను, నిన్ను అడగకుండా అన్నాను. క్షమించు."

వాడు పళ్ళెములోని పొట్టు వేలితో అటూ ఇటూ జరిపాడు. "అమ్మ పిలుస్తోంది, అన్నము తిందాము రండి" అన్నాడు. అమ్మ పిలవలేదు.

ఇది చదివే తల్లిదండ్రులు, పాష్టరుగారు తుపాకుల ఆటకు ఆమోదముద్ర వేశారని అనుకోవద్దు. యూరపులో ఆ ఆటకు 16 ఏండ్లు దాటినవారికని ముద్ర ఉంటుంది, మన ఊళ్ళో పదేళ్ళ పిల్లలు అటువంటివి ఫోనుల్లో ఆడుతున్నారు. అది నాకు నచ్చదు, మా వాడికీ అదే మాట చెప్పాను. ఆ మూడు సబ్జెక్టుల సంగతి కూడ మరునాడు పొలము గట్టు మీద నడుస్తూ అడిగాను, ఈసారి విచారణగా కాదు. హాస్టలులో తెల్లవారుజాము మూడింటిదాకా స్నేహితుని ల్యాప్‌టాప్ మీద ఆడి, ఉదయము తరగతిలో నిద్రపోయేవాణ్నని దాచకుండా చెప్పాడు. ఇంటికి రావాలని అనిపించేది కాదనీ, ఆటలోనైతే ఎవరో ఒకరు తనతో మాట్లాడుతూ ఉండేవారనీ కూడ చెప్పాడు. నేను గట్టు మీద పెరిగిన గడ్డి చూస్తూ నడిచాను.

సెలవులు ముగిసి వాడు వెళ్ళిన తరువాతి ఆదివారము, ప్రసంగమునకు ముందు, ఏడాది క్రిందట నేను అన్న మాటను పేరు పెట్టి వెనుకకు తీసుకొన్నాను. పేకాట సంగతి మాత్రము తీసుకోలేదు. ముందు వరుసలోని పెద్దలకు అదంతా ఎందుకో అర్థము కాలేదు. వెనుక కూర్చున్న యౌవనస్థులకు అయింది.

2026 ఛాంపియన్స్ షాంఘైలో అని ప్రకటించారట. మూడు సబ్జెక్టులలో రెండు మా వాడు దాటాడు, ఒకటి మిగిలి ఉంది. మొన్న శనివారము నేను మందిరము తలుపు తీయడానికి వెళ్తే గోడ మేకు ఖాళీగా ఉంది. బయట మెట్ల మీద, ఎండలో, డోలక్ గోనెసంచి మీద బోర్లించి ఉంది. వానలకు చర్మము వదులైందని, ఎండ పెట్టమని అన్నయ్య ఫోను చేశాడని చెప్పింది మా చిన్నది.